బెల్టు రంగు సరే.. సాధన సంగతేమిటి?

* కరాటే, తైక్వాండో, జూడో, ఉషు.. దేని కొలమానం దానిదే
* ధ్రువపత్రం ఎవరిచ్చారన్నదే కీలకం
* పిల్లలను చేర్పించే ముందు తల్లిదండ్రులు గమనించాల్సిన అంశాలు

కర్నూలు, కడప: పొద్దు వాలేసరికి కర్నూలు, కడప, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు వంటి పట్టణాల్లోని పాఠశాల ఆవరణల్లోనూ, క్రీడామైదానాల్లోనూ తెల్లని దుస్తులు ధరించిన బాలబాలికలు వరుసలు కట్టడం పరిపాటి. ఒకరి నడుముకు పసుపు, మరొకరికి ఆకుపచ్చ, వరుస మొదట నిలిచిన వారికి గోధుమ రంగు బెల్టు. గట్టున కూర్చున్న తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినవచ్చే ప్రశ్న ఒక్కటే. 'మా అమ్మాయికి బ్లాక్ బెల్టు ఎప్పుడొస్తుంది?' ఆ బెల్టు ఏ విద్యకు చెందినది, ఎవరు ఇస్తున్నారు, దానికోసం పిల్ల ఏమేమి నేర్చుకోవాలి అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగానే వినిపిస్తాయి.

అంగట్లో కిలోరాయికి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. బెల్టుకు అటువంటి ముద్ర వేసే ప్రభుత్వ కార్యాలయం దేశంలో ఎక్కడా లేదు. కరాటేలో ఆకుపచ్చ బెల్టు పొందిన బాలుడు, తైక్వాండోలో అదే రంగు బెల్టు పొందిన బాలుడు సమానులని చెప్పడానికి వీల్లేదు. అంతేకాదు, ఒకే పట్టణంలోని రెండు కరాటే శిక్షణ కేంద్రాలు ఇచ్చే ఆకుపచ్చ బెల్టులు సైతం ఒకటి కాకపోవచ్చు. వానను నమ్ముకుని వేరుశనగ, పత్తి సాగుచేసే కుటుంబాలు నెలవారీ రుసుము, దుస్తులు, పరీక్ష రుసుము, ధ్రువపత్రం రుసుము అంటూ విడతలుగా చెల్లిస్తున్నాయి. ఆ సొమ్ముకు దక్కుతున్నది విద్యా, లేక రంగుగుడ్డా అన్నది తెలుసుకోవాలంటే ఒక్కో విద్య తీరు, దాని పరీక్ష విధానం అర్థం చేసుకోవడం అవసరం.

నల్ల బెల్టు పుట్టిందిలా..

బెల్టుల పద్ధతి అనాదిగా వస్తున్నదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. ఉతకకుండా ఏళ్ల తరబడి కట్టడం వల్ల తెల్ల బెల్టు మురికి పట్టి నల్లబడిందనే కథ కూడా ప్రచారంలో ఉంది. ఇది కట్టుకథే. నిజానికి ఈ పద్ధతి వయసు నూటనలభై ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే.

జపాన్‌కు చెందిన విద్యావేత్త జిగొరో కానో 1882లో టోక్యోలో కోడోకాన్ అనే శిక్షణాలయాన్ని స్థాపించి జూడోకు రూపమిచ్చారు. మరుసటి ఏడాది తన శిష్యులలో ఇద్దరికి తొలిసారిగా 'డాన్' హోదా ప్రదానం చేశారు. 1886 ప్రాంతంలో ఈ హోదా గలవారు నల్ల బెల్టు కట్టడం మొదలైంది. అప్పట్లో ఇన్ని రంగులు లేవు. 1930వ దశకంలో పారిస్‌లో జూడో నేర్పిన మికినొసుకె కవాయిషి, కొత్తగా చేరిన వారిలో ఉత్సాహం సడలకుండా మెట్టుమెట్టుకూ రంగు మార్చే విధానాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఒకినావా దీవి నుంచి కరాటేను టోక్యోకు తెచ్చిన గిచిన్ ఫునకోషి, జూడో నుంచి డాన్ పద్ధతిని స్వీకరించి 1924లో తన శిష్యులకు తొలి నల్ల బెల్టులు అందజేశారు. ఆ తర్వాత కొరియా తైక్వాండోలోనూ ఇదే తరహా నెలకొంది.

దీనినిబట్టి రెండు సంగతులు తేటతెల్లమవుతాయి. బెల్టు అనేది బోధన సౌలభ్యం కోసం ఏర్పరచుకున్న గుర్తు. ఆ గుర్తుకు విలువ కట్టేది దానిని ఇచ్చే సంస్థ.

మన గరిడీలో బెల్టు లేదు

ఈ గడ్డకు యుద్ధవిద్యలు కొత్త కావు. విజయనగరాన్ని 1520 ప్రాంతంలో దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు వేకువనే నువ్వులనూనె తాగి, ఒంటికి నూనె పట్టించి, బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టేవారని రాశాడు. నాటి సాముగరిడీలు, తర్వాతి కాలపు తాలింఖానాలు కర్రసాము, కత్తిసాము, కుస్తీ నేర్పాయి. పీర్ల పండుగ వేళల్లో కర్ర తిప్పే నేర్పరులు నేటికీ పల్లెల్లో కనిపిస్తారు.

వీటిలో ఎక్కడా రంగుల మెట్లు లేవు. శిష్యుడు ఏ దశకు చేరాడో గురువే నిర్ణయించేవాడు. ఆ నిర్ణయం సరైనదో కాదో నలుగురి ఎదుట గోదాలోనే తేలిపోయేది. అటువంటి పద్ధతికీ పరిమితి ఉంది. గురువు ఎరిగిన ఊళ్లలో తప్ప శిష్యుని ప్రతిభకు ఆధారం చూపే అవకాశం లేదు. పొరుగు జిల్లాకు వెళితే మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాల్సిందే. ఆ లోటును తీర్చడానికే లిఖితపూర్వకమైన పాఠ్యక్రమం, పరీక్ష, ధ్రువపత్రం అవసరమయ్యాయి.

కర్ర చేతబట్టిన ప్రతి సందర్భమూ విద్య కాదన్నది కూడా గుర్తించాలి. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో వేలమంది కర్రలతో తలపడతారు. ఏటా పలువురు గాయపడుతున్నారు. అది ఆచారానికి సంబంధించిన విషయం. శిక్షణ అనేది దెబ్బ కొట్టడంతో పాటు దెబ్బను ఎక్కడ ఆపాలో నేర్పుతుంది. యుద్ధవిద్యల పాఠ్యక్రమాలన్నింటిలోనూ ఈ నిగ్రహానికే పెద్దపీట.

కరాటే: పేరొక్కటే.. శైలులు అనేకం

జిల్లాల్లో అధికంగా కనిపించేది కరాటేయే. ఖరీదైన పరుపులు గానీ, ప్రత్యేక భవనం గానీ లేకుండా పాఠశాల మైదానంలోనే నేర్పగలగడం ఇందుకు ఒక కారణం. 1980వ దశకంలో సుమన్, భానుచందర్ వంటి నటులు తెరపై చూపిన విన్యాసాలు పల్లె యువతను ఆకర్షించాయి.

కరాటేలో ప్రధానంగా నాలుగు శైలులను ప్రపంచ కరాటే సమాఖ్య గుర్తిస్తోంది. ఫునకోషి బోధన నుంచి వచ్చిన షోటోకాన్‌లో కాళ్లు వెడల్పుగా చాచి, నడుము దించి నిలబడటం, దూరం నుంచి బలంగా గుద్దడం ప్రధానం. చోజున్ మియాగి రూపొందించిన గోజు ర్యూలో శ్వాస నియంత్రణకు, దగ్గరి నుంచి తలపడటానికి ప్రాముఖ్యం ఎక్కువ. కెన్వా మబుని స్థాపించిన షిటో ర్యూలో కటాల సంఖ్య చాలా ఎక్కువ. హిరొనోరి ఒత్సుకా తీర్చిదిద్దిన వాడో ర్యూలో జుజుత్సు పట్లు కలిసి ఉంటాయి. వీటికి వెలుపల మసుతత్సు ఒయామా ప్రారంభించిన క్యోకుషిన్ మరో దారి. అందులో దెబ్బ నిజంగానే తగులుతుంది. ముఖంపై పిడిగుద్దులు మాత్రం నిషిద్ధం.

కరాటే పరీక్ష సాధారణంగా మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది 'కిహోన్'. అంటే గుద్దు, తన్ను, అడ్డుకోవడం, నిలబడే తీరు వంటి మూలపాఠాలు. రెండోది 'కటా'. ఊహాత్మక ప్రత్యర్థులతో తలపడుతున్నట్లుగా నిర్ణీత క్రమంలో చేసే విన్యాసం. మూడోది 'కుమితే'. ఎదుటి వ్యక్తితో తలపడటం. నల్ల బెల్టుకు ముందున్న మెట్లను 'క్యూ' అంటారు. పది లేక తొమ్మిదో క్యూతో మొదలై ఒకటో క్యూకు దిగుతూ వస్తారు. అంటే ఇక్కడ సంఖ్య తగ్గేకొద్దీ హోదా పెరుగుతుంది. నల్ల బెల్టు దాటిన తర్వాత మొదటి డాన్, రెండో డాన్ అంటూ సంఖ్య పెరుగుతుంది.

షోటోకాన్‌నే ఉదాహరణగా తీసుకుంటే విద్యార్థి ఐదు హెయాన్ కటాలను ఒకదాని తర్వాత ఒకటిగా నేర్చుకోవాలి. ఆపైన టెక్కీ షోదాన్, గోధుమ బెల్టు దశలో బస్సాయ్ దాయ్ వంటి పెద్ద కటాలు వస్తాయి. గోధుమ బెల్టులోనే మూడు మెట్లున్నాయి. ప్రతి పరీక్షకూ మధ్య కొన్ని నెలల వ్యవధి తప్పనిసరి. వారానికి మూడు రోజుల చొప్పున ఎడతెగకుండా సాధన చేసే విద్యార్థికి మొదటి డాన్ చేరడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుందన్నది సాధారణ అంచనా. ఏడాదిలోనే నల్ల బెల్టు చేతికొచ్చిందంటే మధ్యలో ఏ మెట్లు ఎగరగొట్టారో అడిగి తెలుసుకోవాల్సిందే.

తైక్వాండో: ఒకే చోట నుంచి డాన్

కొరియాలో రూపుదిద్దుకున్న తైక్వాండోకు ఆ పేరు 1955లో స్థిరపడింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా కనిపించి, 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతక క్రీడగా కొనసాగుతోంది. చేతుల కంటే కాళ్లకు ప్రాధాన్యం ఎక్కువ. ఛాతీ కవచంపై గుద్దుకు ఒక పాయింటు, తన్నుకు రెండు, తలపై తన్నుకు మూడు లభిస్తాయి. గిరగిర తిరిగి తన్నితే అదనపు పాయింట్లుంటాయి. ఎత్తుగా ఎగిరి తన్నడంపై పిల్లలు ఎందుకు అంత శ్రద్ధ పెడతారో ఈ లెక్కే చెబుతుంది.

బెల్టుల విషయంలో తైక్వాండోకు ఒక వెసులుబాటు ఉంది. ఒలింపిక్ తరహా తైక్వాండోలో అంతర్జాతీయంగా చెల్లే డాన్ ధ్రువపత్రాన్ని 1972లో సియోల్‌లో ఏర్పాటైన కుక్కివన్ సంస్థ జారీచేస్తుంది. నల్ల బెల్టుకు ముందు పది 'గుప్'లు ఉంటాయి. తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు అన్నది వాడుకలో ఉన్న వరుస. ఈ రంగు బెల్టులను స్థానిక శిక్షకులు, సంఘాలే ఇస్తాయి. డాన్ స్థాయికి వచ్చేసరికి తేగుక్ పేరిట ఉన్న ఎనిమిది విన్యాసాలు, తలపడటం, పలకలు పగలగొట్టడం వంటి అంశాల్లో నైపుణ్యం చూపాలి.

వయసు నిబంధన ఇక్కడ స్పష్టంగా ఉంది. పదిహేనేళ్లు నిండని వారికి డాన్ బదులు 'పూమ్' అనే హోదా ఇస్తారు. వారు కట్టేది సగం ఎరుపు, సగం నలుపు కలిసిన బెల్టు. మొదటి డాన్ నుంచి రెండో డాన్‌కు కనీసం ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్ల వ్యవధి ఉండాలి. పదేళ్ల బాలుడికి మూడో డాన్ ఉందని ఎవరైనా చెబితే అది ఈ నిబంధనల్లో ఇమిడేది కాదు. కుక్కివన్ ధ్రువపత్రం అసలుదో కాదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సంఖ్య ఆధారంగా సరిచూసుకునే వీలుంది.

జూడో: ముందు పడటం నేర్వాలి

జూడోలో తన్నులు, గుద్దులు లేవు. ప్రత్యర్థి దుస్తులు పట్టుకుని, అతని బలాన్నే ఆసరా చేసుకుని పడదోయడం, నేలపై అదిమిపట్టడం ఇందులోని ప్రధానాంశాలు. తొలి పాఠం 'ఉకేమి'. దెబ్బ తగలకుండా కింద పడటం ఎలాగో నేర్పుతారు. కోడోకాన్ ప్రస్తుతం 68 విసిరే పద్ధతులను, 32 పట్టు పద్ధతులను గుర్తిస్తోంది. ప్రత్యర్థిని వెల్లకిలా బలంగా, వేగంగా, అదుపుతో విసిరితే ఒక్క ఎత్తుతోనే పోటీ ముగుస్తుంది. ఇరవై సెకన్లు కదలకుండా అదిమిపట్టినా విజయమే.

జూడోలో హోదా పెంపునకు పద్ధతుల ప్రదర్శనతో పాటు పోటీల్లో సాధించిన గెలుపులనూ పరిగణనలోకి తీసుకుంటారు. ప్రతిఘటించే ప్రత్యర్థిని పడగొట్టగలిగితేనే విద్య వచ్చినట్లు. అందువల్ల బెల్టుకూ, బరిలో సత్తాకూ మధ్య దూరం తక్కువ. కోడోకాన్ నిబంధనల్లో మొదటి డాన్‌కు కనీస వయసు 14 ఏళ్లు. 1964లో తొలిసారి ఒలింపిక్స్‌లో కనిపించిన ఈ క్రీడలో 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో భారత్ తరఫున సుశీలాదేవి, తులికా మాన్ రజత పతకాలు, విజయ్ కుమార్ యాదవ్ కాంస్యం సాధించారు. వారి గెలుపు జూడోపై దేశవ్యాప్తంగా ఆసక్తి పెంచింది. అయితే పరుపులు లేకుండా జూడో నేర్పడం ప్రమాదకరం. గట్టినేలపై విసరడం నేర్పే కేంద్రానికి పిల్లలను పంపకపోవడమే మేలు.

కుంగ్‌ఫూ, ఉషు: బెల్టు ఆనవాయితీ కాదు

కుంగ్‌ఫూ పేరిట నడుస్తున్న కేంద్రాల్లోనూ బెల్టులు పంచుతున్నారు. అయితే చైనా సంప్రదాయంలో బెల్టుల మెట్లు లేవు. హాంకాంగ్‌లో ఇప్ మాన్ వద్ద బ్రూస్‌లీ అభ్యసించిన వింగ్ చున్ సైతం అటువంటిదే. కొన్ని పాఠశాలలు నడుముకు పట్టుపట్టీ కట్టించి దశలు సూచించేవి. జపాన్ విద్యల ప్రభావంతోనే రంగు బెల్టులు కుంగ్‌ఫూ కేంద్రాల్లోకి వచ్చాయి. చైనా ప్రభుత్వ ఆధ్వర్యంలో 1998లో తొమ్మిది 'దువాన్'ల విధానం అమల్లోకి వచ్చింది.

కుంగ్‌ఫూకు ఆధునిక క్రీడారూపమే ఉషు. ఇందులో రెండు విభాగాలున్నాయి. 'తావులు'లో నిర్ణీత విన్యాసాలను చేతులతోనో, కత్తి, కర్ర వంటి ఆయుధాలతోనో ప్రదర్శిస్తారు. న్యాయనిర్ణేతలు పది మార్కులకు లెక్కిస్తారు. 'సాండా'లో ఎత్తైన వేదికపై గుద్దులు, తన్నులు, విసరడాలతో తలపడతారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మణిపూర్‌కు చెందిన రోషిబినా దేవి సాండా 60 కిలోల విభాగంలో రజతం గెలిచారు. ఆమెను ఆ వేదికపైకి చేర్చింది పోటీల్లో సాధించిన విజయాలే తప్ప బెల్టు కాదు.

అదే రంగు.. వేరే అర్థం

విద్య మారితే బెల్టు అర్థం ఎంతగా మారుతుందో బ్రెజిల్ జుజుత్సును చూస్తే తెలుస్తుంది. అందులో పెద్దలకు తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అనే ఐదు బెల్టులే ఉన్నాయి. తెలుపు నుంచి నలుపు చేరడానికి పదేళ్లు పట్టడం సాధారణం. ఆ విద్యకు సంబంధించిన అంతర్జాతీయ సమాఖ్య 19 ఏళ్లు నిండని వారికి నల్ల బెల్టు ఇవ్వదు. జూడోలో 14, తైక్వాండోలో 15, ఇక్కడ 19. నల్ల బెల్టు ఒకటే అయినా దాని వెనుక ఉన్న వయసు, సాధన వేర్వేరు.

జపాన్ విద్యల్లో మొదటి డాన్ అంటే పాండిత్యం కాదు. మొదటి డాన్‌ను సూచించే 'షోదాన్' అనే మాటకు ఆరంభ శ్రేణి అని అర్థం. అక్షరాలు దిద్దడం పూర్తయి, ఇక చదువు మొదలుపెట్టవచ్చునని చెప్పే దశ అది. మన వద్ద దానినే చదువు ముగింపుగా భావించి, నల్ల బెల్టు రాగానే పిల్లలను మాన్పిస్తున్న కుటుంబాలు అనేకం.

ఈ తేడాలు తెలియక ఇబ్బంది పడేది ఎక్కువగా ఊళ్లు మారే పిల్లలే. కోసిగి, ఆలూరు, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస పోతాయి. వారి పిల్లలు వసతిగృహాలకో, బంధువుల ఇళ్లకో మారాల్సి వస్తుంది. ఒకచోట షోటోకాన్‌లో నీలం బెల్టు వరకు వచ్చిన బాలిక, కొత్త ఊళ్లో తైక్వాండో కేంద్రంలో చేరితే మళ్లీ తెల్ల బెల్టే కట్టాలి. కరాటే కేంద్రంలోనే చేరినా శైలి వేరైతే పాత హోదాను అంగీకరించాలన్న నిబంధన లేదు. పాత శిక్షకుని నుంచి శైలి పేరు, నేర్చిన కటాల జాబితా, పరీక్షల తేదీలు రాయించుకుని వెంట తీసుకెళితే కొత్త శిక్షకునికి స్థాయి నిర్ణయించడం సులువవుతుంది.

పరీక్ష ఎలా ఉండాలి?

పక్కాగా జరిగే బెల్టు పరీక్షకు కొన్ని లక్షణాలుంటాయి. ఏ మెట్టుకు ఏ అంశాలు చేయాలో ముందుగానే రాతపూర్వకంగా తెలియజేస్తారు. విద్యార్థిని విడిగా పిలిచి చూస్తారు. రోజూ నేర్పే శిక్షకుడే కాకుండా బయటి పరీక్షకుడు ఒకరైనా ఉంటారు. అన్నింటికంటే ముఖ్యంగా, తప్పినవారూ ఉంటారు. హాజరైన అందరూ ప్రతిసారీ ఉత్తీర్ణులయ్యే పరీక్ష కేవలం రుసుము వసూలు కార్యక్రమమేనని భావించాల్సి ఉంటుంది.

చేతుల మీదుగా మోటారు సైకిళ్లు పోనివ్వడం, పొట్టపై బండలు పెట్టి సుత్తితో పగలగొట్టించడం వంటివి వేదికలపై చప్పట్లు కొట్టిస్తాయి. వీటికీ, బెల్టు పాఠ్యక్రమానికీ సంబంధం లేదు. తైక్వాండోలోనూ, కొన్ని కరాటే శైలుల్లోనూ పలకలు పగలగొట్టే అంశం ఉన్నమాట నిజమే. అయితే అది పద్ధతి సరిగా ఉందో లేదో చూడటానికే. ఎముకలు ఇంకా గట్టిపడని చిన్నారులతో పెంకులు, ఇటుకలు పగలగొట్టించడం చేతి కీళ్లకు హాని చేస్తుంది.

వేసవి శిబిరాల విషయంలోనూ అప్రమత్తత అవసరం. కర్నూలు, కడపల్లో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉదయం ఎండ ముదరకముందే సాధన ముగించాలి. నీళ్లు తాగనివ్వకపోవడం క్రమశిక్షణ కాదు, ప్రమాదం. నెల రోజుల శిబిరం మూలపాఠాల పరిచయానికి సరిపోతుంది. శిబిరం ముగింపు రోజున రెండు మూడు బెల్టులు ఒకేసారి కట్టడం మాత్రం పిల్లలను మభ్యపెట్టడమే.

బాలికలకు మూడు నెలల శిక్షణ

ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12వ తరగతి వరకు చదివే బాలికలకు సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ పేరిట మూడు నెలల తర్ఫీదు ఇచ్చే పథకం ఉంది. ఈ శిక్షణ లక్ష్యం బెల్టు కాదు. చేయి పట్టుకుంటే విడిపించుకోవడం, గట్టిగా కేక వేయడం, దూరం పాటించడం, అందుబాటులో ఉన్న దారిన తప్పించుకోవడం, జరిగినది పెద్దలకు చెప్పడం ఇందులో కీలకం.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పోటీ కోసం నేర్పే విద్య వేరు, ఆపదలో పనికొచ్చే విద్య వేరు. పోటీలో ఎదుటివారు సమాన బరువు గలవారు, నిబంధనలు పాటించేవారు. పక్కనే రెఫరీ ఉంటారు. నిర్మానుష్యమైన దారిలో ఇవేవీ ఉండవు. కటాలు చక్కగా చేసి బెల్టు పొందిన బాలిక, ప్రతిఘటించే వ్యక్తితో ఒక్కసారైనా తలపడి సాధన చేయకపోతే ఆ బెల్టు ఆమెకు లేని ధైర్యాన్ని ఇస్తుంది. అటువంటి ధైర్యం అసలు ధైర్యం లేకపోవడం కంటే ప్రమాదకరం. ఎంత నేర్చినా మొదటి ప్రయత్నం తప్పించుకోవడమే కావాలని నేర్పే శిక్షకుడే మంచి శిక్షకుడు. అత్యవసర వేళల్లో 112, బాలలకు 1098 సంఖ్యలు గుర్తుంచుకోవడం కూడా ఆత్మరక్షణలో భాగమే.

కోటాకు బెల్టు చాలదు

బ్లాక్ బెల్టు ఉంటే ఇంజినీరింగ్ సీటో, ఉద్యోగమో క్రీడా కోటాలో వస్తుందన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. ఇది సరికాదు. క్రీడా కోటాకు పరిగణించేది గుర్తింపు పొందిన సంఘాలు నిర్వహించిన జిల్లా, రాష్ట్ర, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొన్న, పతకం గెలిచిన ధ్రువపత్రాలను. ప్రవేశాల సమయంలో ఆ పత్రాలను ఆంధ్రప్రదేశ్ క్రీడాప్రాధికార సంస్థ (శాప్) పరిశీలిస్తుంది. బెల్టు ధ్రువపత్రం ఆ జాబితాలో చోటు సంపాదించలేదు. ప్రపంచ కరాటే సమాఖ్య పోటీల్లోనైతే నల్ల బెల్టే కనిపించదు. హోదా ఏదైనా ఒకరు ఎరుపు, మరొకరు నీలం బెల్టు కట్టి బరిలోకి దిగాల్సిందే. విభాగాలు వయసు, బరువు ప్రకారమే.

పోటీ ధ్రువపత్రం విషయంలోనూ నిర్వాహకులు ఎవరన్నది చూడాలి. కరాటేలో సంఘాల గుర్తింపు వివాదాలు క్రీడాకారులకు చేటు తెచ్చాయి. 2020లో కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపును ప్రపంచ సమాఖ్య నిలిపివేసింది. అనంతరం కరాటే ఇండియా ఆర్గనైజేషన్‌కు సభ్యత్వం దక్కింది. 'ఇంటర్నేషనల్', 'వరల్డ్' అన్న పేర్లతో ప్రైవేటు వ్యక్తులు నిర్వహించే ఆహ్వాన పోటీల్లో బంగారు పతకం వచ్చినా కోటాలో దానికి విలువ ఉండకపోవచ్చు. పాఠశాల స్థాయిలో స్కూల్ గేమ్స్ సమాఖ్య నిర్వహించే పోటీలు ఇందుకు భరోసా గల మార్గం. కరాటే, జూడో, తైక్వాండో, ఉషు వాటిలో ఉన్నాయి.

ఒలింపిక్ లక్ష్యం ఉన్నవారు మరో సంగతి గమనించాలి. జూడో, తైక్వాండో ఒలింపిక్ క్రీడలుగా కొనసాగుతున్నాయి. కరాటే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కసారే కనిపించింది. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. ఆసియా క్రీడల్లో మాత్రం 1994 నుంచి ఉంది.

చేర్పించే ముందు..

* ఏ విద్య, అందులో ఏ శైలి అన్నది అడగాలి. సూటిగా చెప్పలేని చోట ఆలోచించాలి.
* బెల్టుల వారీ పాఠ్యక్రమం కాగితంపై ఇవ్వమని కోరాలి. రెండు పరీక్షల మధ్య కనీస వ్యవధి ఎంతో తెలుసుకోవాలి.
* నెలవారీ రుసుముతో పాటు పరీక్ష, ధ్రువపత్రం, దుస్తులు, శిబిరాల ఖర్చు మొత్తం ముందుగానే రాయించుకోవాలి.
* శిక్షకునికి డాన్ ఇచ్చిన సంస్థ ఏది, ఆ సంస్థ ఏ జాతీయ, అంతర్జాతీయ సమాఖ్యకు అనుబంధమో చూడాలి.
* పోటీ ధ్రువపత్రం కోటాకు చెల్లుతుందా అన్నది జిల్లా క్రీడాప్రాధికార సంస్థ కార్యాలయంలో ముందే విచారించాలి.
* తలకవచం, పంటికవచం వంటి రక్షణ సామగ్రి, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయో లేదో గమనించాలి.
* బాలికల తరగతిలో మహిళా శిక్షకురాలు లేదా ఉపాధ్యాయిని ఉండేలా చూడాలి. తల్లిదండ్రులను లోనికి రానివ్వని కేంద్రాన్ని నమ్మరాదు.
* గాయమైతే ఏం చేస్తారో అడగాలి. తలకు దెబ్బ తగిలిన పిల్లలను అదే రోజు మళ్లీ బరిలోకి దించకూడదు.

ఇన్ని వివరాలు సేకరించడం కష్టమనుకునే వారికి మరో మార్గం ఉంది. రుసుము కట్టే ముందు వారం రోజులు మైదానం గట్టున కూర్చుని చూడాలి. శిక్షకుడు ఒక్కో పిల్లను పేరుపెట్టి పిలిచి తప్పు దిద్దుతున్నాడా, పెద్ద పిల్లలు చిన్నవారిని కొట్టకుండా అదుపు చేస్తున్నాడా, తెల్ల బెల్టు కట్టిన వారికీ గోధుమ బెల్టు కట్టిన వారికీ మధ్య నైపుణ్యంలో తేడా కంటికి కనిపిస్తోందా అన్నది ఆ వారంలోనే తెలిసిపోతుంది. ఆ తేడా కనిపించని చోట బెల్టుకు చెల్లించే ప్రతి రూపాయీ వృథాయే.